వదిలిన చేప మర్నాడు తేలింది: గాలం పోటీలో చేపని నిజంగా బతికించడం ఎలా?

లంకకుర్రోడు (ముక్తేశ్వరం దగ్గర) · నవంబరు 16, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. పది నెలల నుంచి మనసులో మోస్తున్న సంగతి ఇది.

పోయిన సంక్రాంతికి మా ఊరి కుర్రాళ్లం గాలం పోటీ పెట్టాం. పండక్కి కోళ్లూ గుండాటలూ కాకుండా ఇంకోటేదైనా ఉండాలని మా ఆశ. చేపని చంపకూడదు, తూకం వేసి మళ్లీ గౌతమి గోదారిలోకే వదిలెయ్యాలి అని మొదట్నించీ గట్టిగా అనుకున్నాం. పొద్దున్న ఆరింటికి మొదలెట్టి పన్నెండు దాకా పట్టాం. ఎవరు పట్టింది వాళ్లు బకెట్లో ఉంచుకున్నారు. పన్నెండున్నరకి స్టేజి దగ్గర తూకం. అక్కడ టార్పాలిన్ పరిచి పెద్ద తొట్టి కట్టాం, పక్కనే బోరు ఉంది కాబట్టి నీళ్లకి ఇబ్బంది లేదు. తూకం అయ్యాక ఫొటోలు, ఆ తర్వాత రేవులో దింపి వదిలాం. అన్నీ తోక ఊపుకుంటూ లోపలికెళ్లాయండి. జనం చప్పట్లు కొట్టారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు కనుమ. తెల్లారి రేవుకెళ్తే గుర్రపుడెక్క అంచున తెల్లటి పొట్టలు కనిపించాయి. బొచ్చెలు, శీలావతులు, రెండు కొర్రమీనులు కూడా. లెక్కపెట్టడానికి ధైర్యం చాల్లేదు. మా నాన్న వెనకే వచ్చి చూసి, "చంపి వండుకునుంటే కనుమ పూట కూరైనా అయ్యేది కదరా" అని వెళ్లిపోయాడు.

ఈ సంక్రాంతికి మళ్లీ పెట్టమని అందరూ అడుగుతున్నారు. చేపలు బతుకుతాయంటేనే పెడతాను, లేదంటే మానేస్తాను. ఎక్కడ తప్పు చేశామో తెలిసినవాళ్లు చెప్పండి.

ఉండి_చెరువులు · నవంబరు 17, ఉదయం 5:55

తమ్ముడూ, నీ పోస్టులో "పక్కనే బోరు" అన్న దగ్గర ఆగిపోయాను. ఆ తొట్టి బోరు నీళ్లతోనే నింపారా? నింపితే సగం సంగతి అక్కడే తేలిపోయింది. భూమి లోపల్నించి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ ఉండీ లేనట్టుంటుంది. కార్బన్ డయాక్సైడు దండిగా ఉంటుంది, మన వైపు చాలా చోట్ల ఇనుము కూడా. మేం చెరువుకి బోరు వదిలేటప్పుడు పైపు ఎత్తులో కట్టి, నీళ్లు రాళ్ల మీద పడి చిమ్మేలా చూస్తాం. గాలి కలవాలి కదా.

ఇరవై ఏళ్లుగా చెరువులు చేస్తున్నాను. తెల్లారుజామున నాలుగింటికి చేపలు తలలు పైకెత్తి గుటకలేస్తుంటే, ఆ శబ్దం గట్టు మీద పడుకున్నవాణ్ణి కూడా లేపేస్తుంది. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయిందని అర్థం. అప్పుడు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వెయ్యకపోతే సూర్యుడొచ్చేసరికి లారీ చేప పోతుంది. డీవో లీటరుకి ఐదు మిల్లీగ్రాముల పైన ఉంటే చేప హాయిగా ఉంటుంది, మూడుకి దిగిందంటే మేం పరుగులు పెడతాం. మంచినీళ్లు 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9.1 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. అదీ గాలి బాగా కలిసినప్పుడు. గాలంతో పెనుగులాడి వచ్చిన చేపకి మామూలుకంటే ఎక్కువ ఆక్సిజన్ కావాలి, ఎండెక్కిన నీళ్లలో అదే తక్కువ. మిట్టమధ్యాహ్నం మీ బకెట్లలో ఈ రెండూ కలిశాయి.

లంకకుర్రోడు · నవంబరు 17, ఉదయం 7:10

అవునండి, బోరు నీళ్లే. ఏటి నీళ్లు బురదగా ఉన్నాయి, బోరువి తేటగా ఉంటాయి, చేపకి మంచిదనుకున్నాం. ఇనుము వాసన కూడా వచ్చింది, పట్టించుకోలేదు. మరి వదిలినప్పుడు అంత బాగా ఈదుకుంటూ ఎలా వెళ్లాయండి?

అలబామా_పాలకొల్లు · నవంబరు 17, ఉదయం 10:25

ఆ చివరి ప్రశ్నే అసలు ప్రశ్న తమ్ముడూ. మాది పాలకొల్లు, పదకొండేళ్లుగా అలబామాలో ఉంటున్నాను. ఇక్కడ లార్జ్‌మౌత్ బాస్ అనే చేప మీద ఊరూరా పోటీలు జరుగుతాయి. మా క్లబ్బులో తూకం దగ్గర నీళ్ల బాధ్యత నాది.

ఇక్కడి చరిత్ర వింటే మీ కథే కాస్త పెద్దగా కనిపిస్తుంది. 1967లో రే స్కాట్ అనే ఆయన ఆర్కన్సా రాష్ట్రంలో బీవర్ లేక్ మీద పెద్ద పోటీ పెట్టాడు. ఆ రోజుల్లో పట్టిన చేపల్ని తాడుకి గుచ్చి, వేలాడదీసి ఫొటోలు దిగేవాళ్లు. చెరువులు ఖాళీ చేస్తున్నారని జనం తిట్టడం మొదలెట్టారు. 1972లో ఆయనే "పట్టిన చేపని చంపొద్దు" అనే నియమం తెచ్చాడు. అక్కణ్ణించి పడవలోనే నీళ్ల తొట్టి, దానికి పంపు, ఏరేటరు. దీన్ని లైవ్‌వెల్ అంటారు. పెద్ద పోటీల్లో రోజుకి మనిషికి ఐదు చేపలే లెక్క. తూకానికి చచ్చిన చేప తెస్తే బరువులో కోత పడుతుంది.

దీంతో తూకం దగ్గర చచ్చేవి బాగా తగ్గాయి. అందరూ సంతోషించారు. కానీ వదిలిన చేపల్ని వలగదుల్లో పెట్టి కొన్ని రోజులు చూసిన శాస్త్రవేత్తలకి ఇంకో సంగతి తెలిసింది. ఈదుకుంటూ వెళ్లినవాటిలో కొన్ని మర్నాడు, మూడోనాడు, ఇంకా తర్వాత కూడా చచ్చిపోతున్నాయి. చేప వెళ్లేటప్పుడు తోక ఊపిందంటే కండలో ఆ కాస్త శక్తి మిగిలిందని మాత్రమే. పెనుగులాటలో రక్తంలో పేరుకున్న ఆమ్లం, ఒంటి మీంచి ఊడిన జిగురు, తగ్గిన ఉప్పు, ఇవి లోపల లోపలే పని చేస్తాయి. నీళ్లు ఎంత వేడెక్కితే ఆ చావులు అంత పెరుగుతాయి, ఇందులో ఎవరికీ సందేహం లేదు. మా క్లబ్బులో నీళ్లు 27 డిగ్రీలు దాటితే తూకం పోటీ పెట్టం.

మీ చేపలు వదిలినప్పుడు బతికున్నాయి. కానీ ఆరు గంటల బకెట్టు, బోరు తొట్టి, ఫొటోలు అప్పటికే వాటి సంగతి తేల్చేశాయి. బాధపడకు. మా దగ్గర కూడా ఏళ్ల తరబడి ఇదే తప్పు చేశారు.

యానాం_రీల్ · నవంబరు 17, మధ్యాహ్నం 1:15

అన్నా, బాస్ అంటే మన పండుగప్పే కదా? ప్యాకెట్ల మీద సీబాస్ అని ఉంటుంది. నేను కోరంగి మడ అడవుల పక్క పాయల్లో లూర్‌తో (బొమ్మ ఎరతో) పండుగప్ప పడతాను. ఎప్పుడూ వదిలేస్తాను, ఒక్క ఫొటో దిగి. ఫొటోకి ఎంతసేపు పర్లేదు?

జువాలజీ_మేడం (కాకినాడ) · నవంబరు 17, రాత్రి 8:30

బాబూ, రెండూ వేరు. అలబామా ఆయన చెప్పే బాస్ అమెరికా మంచినీటి చేప. మన పండుగప్ప లేటిడే కుటుంబం, ఉప్పుటేరుకీ సముద్రానికీ మధ్య తిరుగుతుంది, గుడ్లు పెట్టడానికి ఏటి ముఖద్వారాల ఉప్పునీళ్ల వైపు దిగుతుంది. ఇంకో విశేషం ఉంది. పండుగప్ప చిన్నప్పుడు మగది, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే నువ్వు ఎత్తి ఫొటో దిగే పెద్ద చేప దాదాపు ఎప్పుడూ తల్లే. దాన్ని బతికించడం వంద చిన్నవాటిని బతికించడం కంటే ఏటికి ఎక్కువ మేలు.

ఇక నీ ప్రశ్న. 1992లో కెనడా పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్ మీద చేసిన ప్రయోగం నేను ఏటా క్లాసులో చెప్తాను. చేపల్ని అలిసిపోయేదాకా తరిమారు. తరవాత అసలు బయటికి తియ్యనివాటిలో 12 శాతం చచ్చాయి. అర నిమిషం గాల్లో ఉంచినవాటిలో 38 శాతం. ఒక్క నిమిషం ఉంచినవాటిలో 72 శాతం. నీళ్లలో మొప్పల రేకులు విడివిడిగా తేలుతుంటాయి. గాల్లోకి రాగానే తడిసిన పుస్తకంలో కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి. అప్పటికే ఆయాసపడుతున్న ప్రాణి ముక్కూ నోరూ మూసినట్టు.

ట్రౌట్ చల్లనీటి చేప, మన చేపలు కాస్త గట్టివి, ఆ అంకెలు యథాతథంగా మనకి వర్తించవు. దిశ మాత్రం అదే. నేనైతే ఇలా చెప్తాను: నువ్వు ఊపిరి బిగబట్టు. నీకు ఇబ్బంది అనిపించేలోపు చేప నీళ్లలో ఉండాలి. కెమెరా ముందే సిద్ధం చేసుకుని, చేపని నీళ్లలోనే వలలో ఉంచి, ఒక్కసారి ఎత్తి దించెయ్యి. పొట్ట కింద రెండో చెయ్యి వెయ్యి. దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీస్తే ఆ బరువంతా దవడ కీళ్ల మీదా వెన్ను మీదా పడుతుంది.

వశిష్ఠ_వల (నరసాపురం) · నవంబరు 18, ఉదయం 4:50

మాది వేట కుటుంబం. మా తాత, అయ్య, నేను, ముగ్గురం వశిష్ఠ గోదారి మీదే బతికాం. ఇదంతా చదివాను, ఎవర్నీ తప్పు పట్టను. కానీ మనసులో మాట చెప్పుకోవాలి. కొండికి గుచ్చి లాగి, కొలిచి, మళ్లీ వదలడం ఎందుకండి? మేం చేపని చంపుతాం, కానీ దాంతో ఆడం. పట్టింది ఇంటికి, మిగిలింది బజారుకి.

చేపల బలం కూడా అన్నిటికీ ఒకటి కాదు. పులస ఉంది. వరద కొత్త నీటికి ఎదురెక్కి వస్తుంది, వలకి తగిలిందంటే పొలుసులు చేతికి రాలతాయి, పడవలోకి వచ్చేసరికి ప్రాణం ఉండదు. పులసని పట్టి వదిలాం అనేవాడు ఎవరైనా ఉంటే వాడికి పులస తెలియదు. జెల్ల మొండిది. కొర్రమీను సంచిలో వేసి సంతకి తీసికెళ్లినా బతికే ఉంటుంది. కానీ అదే కొర్రమీను వలలో నీటి అడుగున చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. మీ రెండు కొర్రమీనులు ఎలా పోయాయో నాకు అదే అనుమానం. బకెట్లకి మూతలు పెట్టారా?

లంకకుర్రోడు · నవంబరు 18, ఉదయం 6:05

బాబాయ్, పెట్టాం. కొర్రమీను ఎగిరి దూకేస్తుందని అంచు దాకా నీళ్లు పోసి మూత బిగించాం. మీరు అడిగేదాకా నాకు తట్టలేదు.

జువాలజీ_మేడం · నవంబరు 18, ఉదయం 7:40

వశిష్ఠ గారు చెప్పింది అక్షరాలా నిజం. కొర్రమీనుకి మొప్పల పైన గాలి పీల్చే అర ఉంటుంది. పెద్దయ్యాక మొప్పలొక్కటే దానికి చాలవు, మధ్యమధ్య పైకొచ్చి గుటక వెయ్యాల్సిందే. అంచుదాకా నీళ్లు పోసి మూత పెడితే ఊపిరాడక సగం చచ్చిన చేప అది. కొర్రమీనుకి నీళ్లు తక్కువ, పైన గాలి ఎక్కువ ఉండాలి. బొచ్చె, శీలావతి, పండుగప్పలకి సరిగ్గా తిరగేసి. రెండు రకాల్నీ ఒకే బకెట్లో ఉంచే పద్ధతి ఏదీ లేదు.

ఇంకో తేడా చెప్తాను. లోతు నుంచి గబుక్కున పైకి లాగినప్పుడు చేప కడుపులోని గాలితిత్తి ఉబ్బుతుంది. బొచ్చె, శీలావతి లాంటివాటికి ఆ తిత్తికి గొంతు వైపు దారి ఉంది, గాలి వదిలేసుకుంటాయి. పండుగప్పకీ, అమెరికా బాస్‌కీ పెద్దయ్యాక ఆ దారి ఉండదు. అవి పొట్ట ఉబ్బి, ఒక పక్కకి ఒరిగి తేలుతుంటాయి. చచ్చిపోతోందనుకుంటాం, కిందికి దిగలేకపోతోందంతే. లోతు రేవుల్లో పట్టేవాళ్లు ఇది గమనించాలి.

అలబామా_పాలకొల్లు · నవంబరు 18, ఉదయం 9:30

ఇక్కడ అలాంటి బాస్‌కి సూదితో గాలి తీస్తారు, నేర్చుకున్న చెయ్యి ఉండాలి. తెలియని చేతిలో సూది ప్రాణం తీస్తుంది. మీ పోటీలో దాని జోలికి వెళ్లకండి, లోతు చోట్లు పోటీలోంచి తీసెయ్యండి చాలు.

వశిష్ఠ బాబాయ్ అడిగిన "ఎందుకు" అన్నదానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. నేను చూసింది చెప్తాను. గాలం పట్టుకున్న పిల్లలు ఏరు బాగుండాలని కోరుకుంటారు. కాలువలో చెత్త వేస్తే వాళ్లే అడ్డం పడతారు. కానీ ఆ సరదాకి ఖరీదు చేప కడుతోంది కాబట్టి, అది వీలైనంత తక్కువ ఉండేలా చూసే బాధ్యత పోటీ పెట్టేవాడిదే.

కైకలూరు_సీడు · నవంబరు 18, మధ్యాహ్నం 2:20

చేపని బతికించి పంపడమే మా వృత్తి. సీడు, అంటే చేపపిల్లల ప్యాకింగు. కవర్లో మూడో వంతు నీళ్లు, రెండు వంతుల ఆక్సిజన్, రబ్బరు బిగించి, అట్టపెట్టెలో పెడితే పిల్లలు ఒడిశా దాకా కూడా వెళ్తాయి. జనం ఎక్కువ నీళ్లు పోస్తే చేపకి మంచిదనుకుంటారు. నీళ్లు కాదండి, నీళ్ల మీద ఉన్న ఆక్సిజనే దారి ఖర్చు.

ప్యాకింగుకి ముందు పిల్లల్ని హాపాలో (నీళ్లలో కట్టే వలగదిలో) మేత లేకుండా ఉంచుతాం, కడుపు ఖాళీ అవ్వాలి. లేకపోతే దారిలో మలంతో నీళ్లు పాడై అమ్మోనియా లేస్తుంది. పోటీ చేపకి ఆ అవకాశం లేదు, కడుపునిండా తిని ఉంటుంది. అందుకే బకెట్లో నీళ్లు అరగంటకోసారి సగం మార్చాలి, అదీ ఏటి నీళ్లతోనే.

ఉప్పు సంగతి కూడా రాస్తాను. మంచినీటి చేప రక్తంలో లీటరుకి సుమారు 9 గ్రాముల లవణాలుంటాయి, చుట్టూ ఉన్న నీళ్లలో దాదాపు ఏమీ ఉండదు. జిగురు ఊడి, బెదిరిన చేప ఒంట్లోంచి ఉప్పు కారిపోతుంది. తొట్టిలో లీటరుకి 3 నుంచి 5 గ్రాములు కళ్లుప్పు కలిపితే ఆ కారడం తగ్గుతుంది. వంద లీటర్లకి అరకిలో మించొద్దు. ఎండగా ఉంటే ఐసు గడ్డలు తెచ్చి తొట్టిలో వెయ్యకండి, మేం చేసినట్టు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి ఆ సీసాలు వెయ్యండి. చల్లదనం మెల్లగా దిగాలి. ఒక్కసారిగా చల్లబడితే అదో దెబ్బ.

యానాం_రీల్ · నవంబరు 18, రాత్రి 10:05

మా పాయల్లో నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా. పండుగప్పని మంచినీళ్ల తొట్టిలో వేస్తే?

కైకలూరు_సీడు · నవంబరు 19, ఉదయం 6:30

రెండిటిలోనూ బతికే చేపే, కానీ మార్పు మెల్లగా జరగాలి. పట్టిన నీళ్లలోనే ఉంచు, అక్కడే వదులు.

అలబామా_పాలకొల్లు · నవంబరు 19, ఉదయం 9:50

"అక్కడే వదులు" అన్నారు చూశారా, నేను అసలు చెప్పాలనుకున్నది అదే. ఉప్పూ, సీసాలూ, ఏరేటర్లూ అన్నీ అవసరమే, కానీ అవి చేపని తూకం దాకా తేవాలి అనుకున్నప్పుడు. అసలు తేవడం ఎందుకు?

ఇక్కడ చాలా కయాక్ (చిన్న తెడ్డు పడవ) పోటీల్లో తూకమే ఉండదు. చేపని తడిపిన కొలత చెక్క మీద పెట్టి ఫొటో తీసి, పట్టిన చోటే వదిలేస్తారు. పొడవుకే మార్కులు. 2019లో మొదలైన బాస్ ప్రో టూర్ అనే పెద్ద పోటీలో కూడా ప్రతి పడవలో ఒక అధికారి కూర్చుంటాడు. అక్కడే తూచి, అక్కడే వదిలేస్తారు. చేప చేజారి పడవ లోపల నేల మీద పడితే జరిమానా. కోట్ల రూపాయల బహుమతులున్న చోటే అది కుదిరింది.

ఇంకో కారణం కూడా ఉంది. తూకం రేవులో వదిలిన బాస్‌లు చాలావరకు ఆ చుట్టుపక్కలే పోగుపడి ఉండిపోతాయని ఇక్కడ గమనించారు. తన గుంట, తన వేళ్ల సందు తెలిసిన చేపని తెచ్చి మైళ్ల దూరంలో దింపితే దాని బతుకు మళ్లీ మొదటికొచ్చినట్టే.

లంకకుర్రోడు · నవంబరు 19, రాత్రి 9:15

ఈ రోజంతా దీని గురించే మాట్లాడుకున్నామండి. స్టేజీ తూకం లేకపోతే జనం రారని మావాళ్లలో సగం మంది భయం. పెద్ద చేపని ఎత్తి చూపించే ఆ ఒక్క నిమిషం కోసమే అందరూ వస్తారంటున్నారు. మేడం గారి ట్రౌట్ లెక్క వాళ్లకి చదివి వినిపించాను. ఆ ఒక్క నిమిషమే కదా చంపేది అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అనుకుంటున్నది ఇది. గట్టు మీద పోటీ, పడవలు వద్దు, లోతు రేవులు వద్దు. ఇరవై గజాలకొక కర్ర, ఐదుగురికి ఒక కుర్రాడు కొలత చెక్క, ఫోనుతో తిరుగుతాడు. కొలిచి అక్కడే వదలడం. పొద్దున్న ఆరున్నర నుంచి పదింటి దాకానే, ఎండెక్కేలోపు ఆపేస్తాం. జనం కోసం స్టేజి మీద తెర కట్టి ఫొటోలు చూపిస్తాం. ఇందులో తప్పులుంటే చెప్పండి.

ఉండి_చెరువులు · నవంబరు 20, ఉదయం 5:40

బాగుంది తమ్ముడూ. కొలత చెక్క నల్ల రంగు వద్దు, ఎండకి కాలుతుంది. ప్రతి చేపకీ ముందు నీళ్లు చల్లించు. గుడ్డతో పట్టుకోవడం అస్సలు వద్దు, జిగురంతా గుడ్డకే పోతుంది. తడి చెయ్యి చాలు.

నాకొక భయం ఉంది. జనవరి చల్లదనం ఆక్సిజన్‌కి మంచిదే, కానీ మన కొర్రమీనుకి చలికాలం ఎర్రపుండ్ల కాలం. 1988లో మన దేశంలోకి వచ్చిన ఆ జబ్బు ఒక నీటి బూజు వల్ల వస్తుంది, చల్లటి నీళ్లలో పెచ్చరిల్లుతుంది. జిగురు పోయిన చోట, పొలుసు లేచిన చోట పట్టుకుంటుంది. ఆ రోజుల్లో మా ఊళ్లో కొర్రమీనులు ఒళ్లంతా పుండ్లతో తేలితే కొనేవాడు లేక కుప్పలు పోసి పూడ్చారు. మర్నాడు బతికిన కొర్రమీను రెండు వారాల తర్వాత పుండుతో చస్తే మనకి తెలియదు.

జువాలజీ_మేడం · నవంబరు 20, ఉదయం 8:00

చాలా మంచి మాట. మరి కొర్రమీనుని వేసవికి మార్చలేం, అప్పుడు వేడి. వానాకాలానికి మార్చలేం, అప్పుడు పిల్లల్ని సాకుతుంటుంది. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద సుడి తిరుగుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఏ ఎర వేసినా పిల్లల మీదికొచ్చిందని కొడతాయి. ఆ రోషాన్నే కొందరు వాడుకుంటారు. పెద్దదాన్ని తీసేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు గంటలో తినేస్తాయి. అమెరికా బాస్‌లో కూడా మగచేప గూడు కాస్తుంది, దాన్ని పట్టుకుని కాసేపు అవతల ఉంచితే చాలు, గూడు ఖాళీ. నా సలహా, కొర్రమీనుని పోటీ నుంచే తీసెయ్యండి. పడితే నీళ్లలోనే కొండి విప్పి వదలాలి, మార్కులు లేవు.

వశిష్ఠ_వల · నవంబరు 20, రాత్రి 7:30

కొండి గురించి ఎవరూ రాయలేదు. ముల్లున్న కొండి వద్దు, కటింగు ప్లేయరుతో ముల్లు నొక్కెయ్యండి. మూడు కొండ్ల గాలాలు వద్దే వద్దు, ఒకటి నోట్లో ఉంటే రెండు కంట్లోనో మొప్పలోనో దిగుతాయి. ఎర్ర (వానపాము) గుచ్చి చేప మింగేదాకా ఆగేవాళ్లుంటారు, వాళ్లకి వంకర కొండి ఇవ్వండి, చివర లోపలికి తిరిగి ఉండేది. అది దవడ మూలకి పట్టుకుంటుంది, కడుపులోకి పోదు. అయినా మింగేస్తే లాగొద్దు. నోటి దగ్గర దారం కోసి వదిలెయ్యండి. లాగితే పేగులు వస్తాయి.

మొప్ప నుంచి రక్తం ధారగా కారుతుంటే ఆ చేప బతకదు. నేను ఎన్ని చూశానో. దాన్ని వదలడం దయ కాదు. తలమీద ఒక్క దెబ్బ వేసి చల్లగా చంపి, వండుకునేవాళ్లకి ఇవ్వండి. మార్కులు ఇవ్వొద్దు. మీ నాన్నగారు చెప్పింది అదే.

నిర్వాహకుడు · నవంబరు 20, రాత్రి 9:00

ఈ చర్చని మొదటి పేజీలో ఉంచుతున్నాం. పోటీ స్థలం, ఫోను నంబర్లు ఇక్కడ రాయకండి.

జువాలజీ_మేడం · డిసెంబరు 2, ఉదయం 7:15

ఒక్కటి మిగిలింది. బతికాయో లేదో మీకెలా తెలుస్తుంది? ఏటిలోకి వెళ్లిన చేప తేలితేనే కనిపిస్తుంది, అడుగున పడితే, గద్ద ఎత్తుకుపోతే లెక్కలోకి రాదు. వదిలినవాటిలో కొన్నిటిని ఏటిలోనే హాపా కట్టి మూడు రోజులు ఉంచండి. గాలం తగలని చేపల్ని కూడా, వలతో మెల్లగా తీసినవి, పక్క హాపాలో పెట్టండి. రెండిట్లోనూ చస్తే తప్పు హాపాది. గాలం చేపలే చస్తే తప్పు మనది.

వశిష్ఠ_వల · డిసెంబరు 2, రాత్రి 8:10

పక్క హాపాకి చేప నేను పట్టిస్తాను. ముందురోజు రాత్రికి వస్తాను.

లంకకుర్రోడు · జనవరి 19, రాత్రి 10:30

ఆలస్యమైంది, క్షమించండి. మూడో రోజు అయ్యాకే రాయాలని ఆగాను.

సంక్రాంతి పొద్దున్న మంచు ఎక్కువగా ఉండి ఏడింటికి మొదలెట్టాం. ఇరవై మూడు చేపలు కొలిచాం, ఎక్కువ శీలావతులు. కొర్రమీనులు నాలుగు పడ్డాయి, నీళ్లలోనే విప్పేశారు. ఒకాయన పెద్ద కొర్రమీనుతో ఫొటో కావాలని గొడవపడ్డాడు. మా కుర్రాడు ఒప్పుకోలేదు. నాకు వాడి మీద చాలా గర్వంగా అనిపించింది. ఒక బొచ్చెకి మొప్ప చీలింది. వశిష్ఠ బాబాయే చూసి, పక్కకి తీసికెళ్లి పని ముగించి, ఊరి చివర ఒక ముసలమ్మకి ఇచ్చారు.

కొలిచినవాటిలో ఎనిమిదిని హాపాలో పెట్టాం. బాబాయ్ తెచ్చినవి ఆరు పక్క హాపాలో. ఆ రాత్రి నేనూ ఇంకో ఇద్దరం రేవులోనే పడుకున్నాం.

కనుమ తెల్లారి అన్నీ ఉన్నాయి. ముక్కనుమ సాయంత్రం గాలం హాపాలో ఒకటి పోయింది. విప్పి చూస్తే గొంతులో కొండి ఉంది. దారం కోసిన చేప కాదు, ఎవరో లాగబోయి మధ్యలో తెంపారు, లోపలంతా చీలింది. ఎవరని అడగలేదు. వచ్చేసారి చెక్క పట్టుకున్న కుర్రాడి చేతిలోనే కత్తెర ఉంటుంది, కొండి జోలికి పట్టినవాడు వెళ్లకూడదు. పక్క హాపాలో ఆరూ బాగున్నాయి.

మూడో రోజు పొద్దున్న హాపాలు విప్పేటప్పుడు మా నాన్న వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా మోకాలి లోతు నీళ్లలోకి దిగి, హాపా అంచు ఒక చేత్తో కిందికి నొక్కి పట్టుకున్నాడు. ఒక్కొక్కటే దాటుతుంటే పైకే లెక్కపెట్టాడు. ఏడు దాకా.

వశిష్ఠ_వల · జనవరి 20, ఉదయం 5:05

ఆ వలకి అడుగున ఒక చోట చిరుగు పడింది తమ్ముడూ, నేను చూశాను. పారెయ్యకు. ఆదివారం ఇటు పంపు, అల్లి ఇస్తాను.